తప్పులు చెక్కే నౌకరీ

కరీంనగర్ బైపాస్ మీద నేను పనిచేసిన దుకాణంలో దేవుళ్లందరూ ముందు కంప్యూటర్‌లో పుట్టేవారు. ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ కోర్సు చదివాను కాబట్టి వాళ్లను గీయడం నా పని. మిషన్ వాళ్లను టేకు పలకలోంచి తవ్వి తీసేది. మా ఫోల్డర్‌లో 'గజలక్ష్మి ఫైనల్', 'గజలక్ష్మి ఫైనల్ కొత్తది', 'గజలక్ష్మి అసలు ఫైనల్' అని ముగ్గురు లక్ష్ములుండేవారు. పని మధ్యలో కరెంటు పోతే వినాయకుడు సగం తొండంతో ఆగిపోయి, వచ్చేదాకా ఓపిగ్గా ఎదురుచూసేవాడు.

దుకాణం బయట మాత్రం 'స్వచ్ఛమైన చేతి పని' అని పెద్ద బోర్డు. మా సేటు దుబాయిలో పన్నెండేళ్లు ఫర్నిచర్ కంపెనీలో చేసి వచ్చినవాడు. బోర్డు సంగతి ఒకసారి అడిగాను.

"మిషన్ బటన్ ఎవలొత్తుతున్నరు చెల్లె? నువ్వే గదా. దేనితోని ఒత్తుతున్నవ్? చేతితోనే గదా?" అన్నాడు.

ఆ రోజు నుంచి బటన్ ఒత్తేటప్పుడల్లా నాకు కొంచెం గర్వంగా ఉండేది.

మా బాపు నిజంగానే చేత్తో చెక్కేవాడు. కొండగట్టు దారిలో ఉన్న మా ఊళ్లో ఆయనది వడ్ల పని, అంటే వడ్రంగం. దర్వాజల మీద గజలక్ష్ములు, గుళ్ల ఊరేగింపులకు గరుడ వాహనాలు, హనుమ వాహనాలు చేసేవాడు. మా ఇంట్లో ఆడపిల్లల వంతు గరుకు కాగితం రుద్దడం, నూనె పట్టించడం వరకే. ఉలి ముట్టుకుంటే "చెయ్యి కోసుకుంటవ్, రేపు పెండ్లి ఎట్లయితది?" అనేవాడు బాపు. ఉలి ముట్టుకోకపోయినా నా పెళ్లి కాలేదు. అది వేరే సంగతి. నేను మిషన్ దగ్గర చేరిన నాటికి బాపుకు పెద్దగా పని లేదు. జనం మా దుకాణానికే వస్తున్నారు మరి.

ఒకనాడు ఒక డాక్టరు గారి భార్య పూజగది తలుపుల కోసం వచ్చింది. వాళ్లు పాతకాలం దొరలు. ఇప్పుడు పొలం కౌలుకిచ్చి, ఆసుపత్రి నడుపుతున్నారు. ఆమె ఇద్దరు లక్ష్ములను పక్కపక్కన పెట్టించి, చాలాసేపు ఇటూ అటూ చూసింది.

"ఇద్దరూ ఒక్క తీరుగ నవ్వుతున్నారేంటి? ఇది చేతి పనేనా?"

"నూటికి నూరు పాళ్లు మేడం," అన్నాడు సేటు.

"మా తాతల కోటలాంటి గడిలో తలుపులు నేను చూశాను. మనిషి చెయ్యన్నాక ఎక్కడో ఒక దగ్గర తప్పుతుంది. ఇందులో ఒక్క తప్పు చూపించండి, తీసుకుంటాను."

సేటు కళ్లద్దాలు పెట్టుకుని తన సరుకులో తప్పు కోసం వెతికాడు. ఏ దుకాణదారుడూ అంత శ్రద్ధగా వెతికి ఉండడు. దొరకలేదు. ఆమె కారెక్కి వెళ్లిపోయింది.

సేటు రెండు రోజులు పరేషాన్ అయ్యాడు. మూడో రోజు నా దగ్గరికి వచ్చి, "మీ బాపు ఖాళీగనే ఉన్నడు గదా చెల్లె? రమ్మను. మిషన్ చేసిన వాటికి జరజర తప్పులు పెడితే చాలు," అన్నాడు.

బాపు ఉలుల మూట సంకలో పెట్టుకుని వచ్చాడు. సేటు చెప్పిందంతా తలూపుతూ విన్నాడు. ఒక లక్ష్మిని ముందు పెట్టుకుని మూడు రోజులు కూర్చున్నాడు. నాలుగో రోజు పొద్దున సేటును పిలిచాడు.

"గా ఏనుగు తొండం మోచెయ్యి లెక్క వంగింది, సరిజేసిన. లక్ష్మి బొటనవేలు ఎదురు దిక్కుకున్నది, గదీ సరిజేసిన. గిది ఎవలు గీసిండ్రోగని, వానికి ఏనుగును జూపెట్టుండ్రి."

గీసింది నేనే. తల వంచుకుని కీబోర్డు తుడిచాను.

"కాకా, నేను తప్పులు పెట్టుమన్న! నువ్వు ఉన్నయి తీసినవ్!" అని సేటు నెత్తి పట్టుకున్నాడు.

బాపుకు అప్పుడు అర్థమైంది. ఇంకో లక్ష్మిని తెప్పించుకుని ముక్కు మీద ఉలి ఆనించి కొడతి సుత్తి ఎత్తాడు. దించాడు. మళ్లీ ఎత్తాడు, దించాడు.

"చెయ్యి పోతలేదు బిడ్డా. మా బాపు యాదికొస్తుండు. సచ్చి ముప్పై ఏండ్లాయె. ఇప్పటికి గూడ తప్పు జేస్తే నెత్తి మీద మొట్టుతడనే అనిపిస్తది," అని చాయ్ తాగడానికి లేచిపోయాడు.

కొత్త చేతి పని వచ్చిందని సేటు కబురు పంపాడు కాబట్టి, మర్నాడే వస్తానని డాక్టరమ్మ ఫోన్ చేసింది. సేటు నా వైపు చూశాడు. నేను బాపు ఉలి వైపు చూశాను. జీవితంలో మొదటిసారి ఉలి పట్టుకుని లక్ష్మి చెంప దగ్గర ఆనించాను. సరిగ్గా అప్పుడే రోడ్డు మీద లారీ హారన్ కొట్టింది. ఉలి జారి చెంప మీద చిన్న సొట్ట పడింది. నేను గబుక్కున దాన్ని అరచేత్తో కప్పేశాను. సేటు మాత్రం ఎగిరి గంతేశాడు.

"గిదే! గిదే కావాలె! దేవుడిచ్చిన చెయ్యి చెల్లె నీది!"

డాక్టరమ్మ ఆ సొట్టను వేలితో నిమిరింది. "చూశారా? ఇక్కడ శిల్పి చెయ్యి వణికింది. భక్తితో వణికింది," అంది. నాలుగు తలుపులకు ఆర్డరిచ్చింది.

అలా నాకు కొత్త నౌకరీ దొరికింది. పొద్దున దేవుళ్లను కంప్యూటర్‌లో తప్పులేకుండా గీయడం, మధ్యాహ్నం వాళ్లకు ఉలితో తప్పులు పెట్టడం. రాముడి విల్లు కాస్త వంకరపోయేది. సరస్వతి వీణకు ఒక తీగ తగ్గేది. నాకు ఏ ప్రయత్నమూ అక్కర్లేకపోయింది.

కొన్నవాళ్లు శిల్పిని చూడాలనేవారు. ఆడమనిషిని చూపిస్తే నమ్మరని సేటు బాపును దుకాణం ముందు కూర్చోబెట్టాడు. కొత్త పంచె, నుదుట విభూతి, చేతిలో ఉలి. నేను వెనక షెడ్డులో. ఒకడు కెమెరా పట్టుకుని వచ్చి, "తాతా, జర ఉలి పట్టుకుని దూరంగ చూడుండ్రి. బాధగ చూడుండ్రి," అన్నాడు. బాపు దూరంగా చూశాడు. ఎదురుగా పంచర్ దుకాణం తప్ప ఏమీ లేదు. ఆ వీడియో చూసి జనం ఇంకా ఎక్కువ వచ్చారు.

ఒక సాయంత్రం బస్సులో ఇంటికి పోతూ బాపు అన్నాడు: "దేవుని పని జేసినోన్ని నేను. దేవుని లెక్క కూసునుడు నాతోని గాదు. అదిట్లుండనియ్యి. నిన్న అమ్ముడుపోయిన లక్ష్మి ముక్కు నేను చెక్కిననని చెప్పిండ్రు. గా ముక్కు! చూసినోళ్లు నన్నేమనుకుంటరు? తప్పు జేస్తే చేసినవ్ గని, గింత తప్పా? ఉలి గట్ల పడుతరా ఎవలన్న?"

నాకు చెక్కడం నేర్పాలన్న ప్రేమతో కాదు, తన పరువు దక్కించుకోవాలన్న పట్టుదలతో ఆయన నాకు నేర్పడం మొదలుపెట్టాడు. సేటు అన్నానికి పోయినప్పుడల్లా విభూతి తుడుచుకుని వెనక షెడ్డుకు వచ్చేవాడు. కర్ర నార ఏ దిక్కుకు పోతుందో వేలితో చూడమనేవాడు. నారకు ఎదురు పోతే కర్ర చీలుతుంది, చప్పుడే చెబుతుంది వినమనేవాడు. "నవ్వు పెదవుల్ల ఉండదు బిడ్డా, చెంపల కింద ఉంటది. ఆడ జర తియ్యి. జర అంటే జరనే, నీ తల్లి ఉప్పేసినట్టు గాదు." మా అవ్వ వంటను తిట్టకుండా ఆయన ఏ పాఠమూ ముగించలేదు.

ఏడాది తిరిగేసరికి సేటు ముఖంలో నవ్వు తగ్గింది.

"నీ పని ఇయ్యాల్రేపు మంచిగుంటలేదు చెల్లె."

"ఏమైంది సేటు?"

"తప్పులు తగ్గినయ్. మొన్న ఒకాయన మిషన్‌దని వాపస్ పంపిండు. జర మనసు పెట్టి చెయ్యి."

మనసు పెట్టే చేశాను. చిక్కంతా అక్కడే వచ్చింది. తప్పు చేద్దామని ఉలి ఎత్తితే నా చెయ్యీ బాపు చెయ్యిలాగే మొండికేసేది.

అంతలో మా వీధి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. కొండగట్టు హనుమ మాల వేసుకున్న ఒక భక్తుల కమిటీకి ఆంజనేయుడు వెంటనే కావాలి. కరెంటు ఎప్పుడొస్తుందో ఆ ఆంజనేయుడికే తెలియాలి. దాంతో మొద్దు నుంచి మొదలుపెట్టి, మొత్తం చేత్తోనే చెక్కాను. బాపు పక్కన పీట వేసుకుని మొదటి రోజు తిట్టాడు, రెండో రోజు కూడా తిట్టాడు. ఆ తర్వాత కళ్లు చెక్కుతున్నప్పుడు మాత్రం ఏమీ అనలేదు. ఆయన మాట్లాడకపోతే నాకు భయమేసి, "ఏమన్న అను బాపు," అన్నాను. "ఏమనాలె? చేసుకో," అన్నాడు.

కమిటీ పెద్ద వచ్చి ఫోన్ టార్చి వేసి ఆంజనేయుణ్ణి తల నుంచి తోక దాకా వెతికాడు.

"ఇది పక్కా మిషన్ పని."

"కాదన్నా, నేనే చెక్కిన," అన్నాను.

"ఆడోళ్లు ఆంజనేయుణ్ణి చెక్కుడేంది? అబద్ధమాడినా అతికినట్టుండాలె చెల్లె."

మూలన పాత ఆంజనేయుడొకడున్నాడు, మిషన్‌వాడు. నేను మొదటి రోజుల్లో చెవి తెగ్గొట్టినవాడు. కమిటీ పెద్ద దాన్ని పట్టుకుని, "గిది చూడుండ్రి! జీవమున్నది! గా పెద్దాయన చేతి పని," అన్నాడు.

ముందు కూర్చున్న బాపు ఇక ఉండలేక లేచి వచ్చాడు. "అయ్యా, గది మిషన్‌ది. గా చెవి తెగింది నా బిడ్డ తప్పు. గీ కొత్తది మొత్తం నా బిడ్డ చేతి పని. నేను ముట్టనన్న ముట్టలే."

కమిటీ పెద్ద కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "ఎంత వినయం! ఇంత కళ ఉండి, బిడ్డ పేరు చెప్తున్నడు!" అని బాపు కాళ్లకు దండం పెట్టి, తెగిన చెవి ఆంజనేయుణ్ణి తీసుకుపోయాడు.

ఆ వారమే నా నౌకరీ పోయింది. నా స్థానంలో సేటు తన బామ్మర్దిని పెట్టుకున్నాడు. నా ముందే అతణ్ణి అడిగింది ఒక్కటే ప్రశ్న: "ఉలి ఎన్నడన్న పట్టినవా?" ఎన్నడూ పట్టలేదన్నాడు. రేపే రమ్మన్నాడు. కొత్త ఆంజనేయుణ్ణి సేటు మాకే ఇచ్చేశాడు. "ఇంత మంచిగున్నది ఎవడు కొంటడు?" అని నిజంగానే బాధపడ్డాడు.

ఇంట్లో నెల రోజులు ఊరికే కూర్చున్నాం. ఆ తర్వాత ఉట్నూర్ దగ్గర ఒక ఊరి నుంచి బాపుకు కబురొచ్చింది. రామాలయం తలుపులకు దశావతారాలు చెక్కాలి. నేనూ వెంట వెళ్లాను. జీపు దిగగానే ఊరి పెద్ద ఒకాయన నా చేతిలో ఉలుల మూట చూసి నొసలు ముడిచాడు.

"దాదా, గీ బాయి ఎందుకొచ్చింది?" అని బాపును అడిగాడు. ఆ వైపు అన్నను దాదా అని, ఆడమనిషిని బాయి అని అంటారు.

బాపు చేత్తో గాలిలో తడుముతూ నా భుజం పట్టుకున్నాడు. "నా కండ్లు ఆనుతలేవు దాదా. నేను చెప్తుంటే ఆమెనే చెక్కుతది."

మా బాపు మీద కోపం రావాలో నవ్వు రావాలో తెలియలేదు. చింతచెట్టు చివర వాలిన పిట్ట ఏదో కింద నుంచే చెప్పే మనిషి ఆయన. అన్న మాటకు కట్టుబడి ఇరవై రోజులు గుడ్డివాడి వేషం వేశాడు. ఊరివాళ్లు మంచివాళ్లు. చెయ్యి పట్టి నడిపించారు, అన్నం కలిపి ముందు పెట్టారు. నేను కూర్మావతారం దాకా వచ్చేసరికి ఊరి పెద్ద ఇంకో మంచిపని చేశాడు. పక్క ఊళ్లో ఉచిత కంటి శిబిరం పెడితే బాపు పేరు రాయించి, తానే బండి మీద తీసుకెళ్లాడు.

సాయంత్రం ఇద్దరూ తిరిగొచ్చారు. ఈసారి ఎవరూ బాపు చెయ్యి పట్టుకుని లేరు.

"బాయి, డాక్టర్ మీ బాపును కింది వరుస చదువుమన్నడు. ఈయన గా బోర్డు అడుగున, దాన్ని అచ్చేసిన ఛాపఖానా పేరు గూడ చదివిండు," అన్నాడు ఊరి పెద్ద. నేను ఉలి కింద పెట్టేశాను. మూట కట్టుకోవడమే తరువాయి అనుకున్నాను.

ఊరి పెద్ద తలుపు దగ్గరికి వచ్చాడు. మత్స్యావతారాన్ని, పూర్తికావచ్చిన కూర్మాన్ని వేలితో తడిమాడు. వంగి తాబేలు కాళ్లు చూశాడు. అప్పుడు బాపు వైపు తిరిగాడు.

"పని ఆమెదే. కండ్లు నీయి మంచిగనే ఉన్నయ్. మరి నీ పని ఏంది దాదా ఈడ?"

"తిట్టుడు," అన్నాడు బాపు.

ఊరి పెద్ద తలూపి, "సరే, వరాహం జర పెద్దగుండాలె," అని నాకే చెప్పి వెళ్లిపోయాడు. ఆ పూట నుంచి బాపు తన అన్నం తానే కలుపుకున్నాడు.