మరిది ఇచ్చిన నెత్తురు

మా మేనత్తే నాకు అత్తయింది కాబట్టి, ఆమెకు ఎదురు చెప్పే అలవాటు నాకు పుట్టుకతోనే లేదు. నన్ను పెద్దకొడుక్కి చేసుకుంది. నా చెల్లెను చిన్నకొడుక్కి చేసుకోవాలని మాఘంలో ముహూర్తం కూడా చూసిపెట్టుకుంది.

నాకు మూడో నెలలో ఖమ్మం దవాఖానాలో నెత్తురు పరీక్ష చేశారు. నాలో తలసీమియా లక్షణం ఉందట. నాకేమీ కాదట గానీ, నా భర్తలోనూ అది ఉంటే బిడ్డకు జబ్బు రావచ్చట. వస్తే బతుకంతా నెత్తురు ఎక్కించుకుంటూ ఉండాలట. "మేనరికం కదా, మీ ఆయన్ని జల్దీ పంపు" అంది డాక్టరమ్మ.

ఆయనకు బొగ్గుబాయిలో మొదటి షిఫ్టు. నేనేమో వేవిళ్ళతో మంచం దిగడం లేదు. అంతా తాను చూసుకుంటానంది అత్త. చూసుకుంది.

రిపోర్టులో ఆయన పేరు మీదా అదే లక్షణం! కడుపు పట్టుకుని ఏడ్చాను. అప్పుడే డ్యూటీ దిగివచ్చిన ఆయన బిత్తరపోయాడు.

"ఏంది? నేనెప్పుడిచ్చిన నెత్తురు? సూది మొఖమే చూడలే!"

మరిది తేలు కుట్టిన దొంగలా గోడవైపు తిరిగాడు.

"చిన్నోడిచ్చిండు" అంది అత్త, ఉల్లిగడ్డలు తరగడం ఆపకుండానే. "నీకు నాగా ఎందుకని తీస్కపోయిన. అయితే ఏంది? ఒక్క కడుపున పుట్టినోళ్ళకు రెండు తీర్ల నెత్తురుంటదా?"

మర్నాడు ఆయన చేత నాగా పెట్టించి అందరం వెళ్ళాం. సంగతి విని డాక్టరమ్మ తల పట్టుకుంది.

"చిన్నోడు పీటల మీద కూసుంటే పెద్దోనికి పెండ్లయితదా అమ్మా?"

అత్త ఆయన మోచేయి పట్టుకుని నెత్తురు తీసే గదిలోకి తానే తోసింది.

సాయంత్రానికి రిపోర్టు వచ్చింది. ఆయనలో ఆ లక్షణం లేదు. బిడ్డకు ఆ జబ్బు భయం లేదని డాక్టరమ్మ చెప్పగానే వరండాలో కూలబడి ఏడ్చాను, సంతోషం పట్టలేక. ఆయన నన్ను ఓదార్చడం మానేసి, సూది గుచ్చిన చేతిని వచ్చేపోయేవాళ్ళకు చూపిస్తూ కూర్చున్నాడు.

తిరుగు బస్సులో అత్త నా పక్కనే కూర్చుంది. వైరా దాటాక మెల్లగా నా వైపు జరిగింది.

"చిన్నోనికి ఉందని తేలిపాయె. మీ చెల్లెకు గూడ పరీక్ష చేపియ్యాలె. ముహూర్తం సంగతి తర్వాత."

"దానికెందుకత్తా? నేనిచ్చిన గద. ఒక్క కడుపున పుట్టినోళ్ళమే."

వీపు మీద ఒక్కటేసింది. తర్వాత అదే చేయి తెచ్చి నా కడుపు మీద పెట్టింది. మా స్టాపు వచ్చేదాకా తీయలేదు.