గడపను సారెతో పంపిన రోజు

దగ్గరికి జరిగి కూర్చోండి, అరుగు మీద చోటుంది. చేతిలో పనుంటే పనితోనే రండి, చిక్కుళ్ళకి ఈనెలు తీసుకుంటూ కూడా వినొచ్చు. మా కనకాలపేట ఏటిగట్టున ఉండే పాత బంగళా సంగతి చెబుతాను. నేను చదివింది తక్కువ. మా మామ్మ, అంటే మా నాన్నని కన్నతల్లి, చెప్పినవీ, నేను కళ్ళారా చూసినవీ మాత్రం మరిచిపోలేదు.

ఆ బంగళాని గుడ్డల వ్యాపారం చేసే పరాసు దొర ఒకాయన కట్టించాడట. ఫ్రెంచివాళ్ళని మా పెద్దవాళ్ళు పరాసువాళ్ళనే అనేవారు. పల్చటి ఇటుక, గుల్లసున్నం, ఎత్తైన పునాది. చుట్టుపక్కల ఊళ్ళలో నేసిన బట్టకి నీలిరంగు వేయించి, మూటలు కట్టించి, పడవల మీద ఓడలకి చేర్చేవాడట. ఏట్లో ఇసక మేటలు వేసి ఓడలు రావడం మానేశాక దొర వెళ్ళిపోయాడు. తరవాత కొన్నాళ్ళు అందులో ఉప్పు నిలవ చేశారు. ఆ తరవాత పెద్ద వరదొకటి వచ్చి వీధి వాకిలిని పీకేసింది.

ఆ వరదలో మామ్మకి మామగారు, ఏట్లో కొట్టుకుపోతున్న టేకు గడపకి తాళ్ళేసి లాగి, ఎండబెట్టి, మా ఇంటికి గడపగా పెట్టించాడు. "ఏరు ఇచ్చింది" అన్నాడు. పేటంతా ఆ మాటే పట్టుకుంది. వరద తీసేశాక కూడా ఏరు చాలా ఏళ్ళు ఇస్తూనే ఉంది. కిటికీ చెక్కలు ఒకరింట కోళ్ళగూటికి తలుపులయ్యాయి. ఇనప ఊచల చట్రం ఒకరి పెరట్లో బీరపాదుకి పందిరైంది. వీధి తలుపు రెక్కలు ఊరిపెద్దగారి పశువుల సావిట్లోకి చేరాయి. బంగళా కప్పుకి దీపం వేలాడదీసే కొక్కెం కూడా ఏరే ఇచ్చిందని, దాన్ని నూతి గిలకకి తగిలించుకున్నావిడ చెప్పేది. ఆ కప్పు దాకా నీళ్ళొస్తే ఆవిడ పాక ఎలా మిగిలిందని ఎవరూ అడగలేదు.

యానాన్ని ఏలిన పరాసువాళ్ళు దాన్ని మనకి వదిలేసి వెళ్ళిపోయిన మరుసటేడు వేసవిలో ఒక ఆఫీసరుగారు వచ్చి బంగళా చూశారు. గోడలూ కప్పూ గట్టిగానే ఉన్నాయి, వానలు పడేలోగా తలుపులూ కిటికీలూ పెట్టుకుంటే ఆడపిల్లల బడికి పంతులమ్మని పంపిస్తాం, లేదంటే ఆ బడి పక్కనున్న మెట్టకూరుకి ఇస్తాం అన్నారు. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. యానాం ఊళ్ళోకి నడిచి వెళ్ళి చదువుకుంటానంటే నాన్న, "ఏటిగట్టున ఒక్కదానివీ ఎల్లక్కర్లేదు" అన్నాడు. పేటలో బడి పెడితే తప్ప నాకు అక్షరం ముక్క రాదు. ఆ సంగతి నాకంటే అమ్మకి బాగా తెలుసు. తను వేలిముద్ర మనిషి.

ఊరిపెద్దగారు మా వీధి మొగలో నిలబడి అందరినీ పిలిచారు.

"బంగళా సామాను ఎవరింట్లో ఉంటే ఆళ్ళు తెచ్చిపడెయ్యండి. ఎవర్నీ ఏమీ అనం."

"మా ఇంట్లో ఏముందండి, మట్టిగోడలు తప్ప," అన్నాడు కోళ్ళగూటి ఆయన.

"నీ కోళ్ళు మాత్రం దొరల్లాగే ఉంటన్నాయి కదేటి," అంది నూతి గిలక ఆవిడ.

"నీ గిలకకి కొక్కెం మీ పుట్టింటోళ్ళు పెట్టేరేటి?"

"ముందు పెద్దగారి సావిట్లో తలుపులు సూడండి. తరవాత సూద్దురుగాని మా కొక్కెం."

పెద్దగారు తువ్వాలు దులుపుకుని, ఎండెక్కిందంటూ వెళ్ళిపోయారు. దొంగసొత్తు తెచ్చాడని అనిపించుకోవడం ఎవరికీ ఇష్టం లేదు.

ఆ సాయంత్రం వడ్రంగి మా ఇంటికొచ్చాడు. "కిటికీలంటే తాటిచెక్కతో ఏదోటి అతుకుతానండి. వీధి తలుపు మాత్రం ఆ పాత గడప లేందే నిలబడదు. రెక్కలకి బందుల్లేవు, గడపలో గుంతల్లో తిరగాలి. అంత టేకు దుంగ ఇప్పుడు నేనెక్కణ్ణుంచి తేనండి," అన్నాడు. అని, తన కాళ్ళ ముందున్న మా గడపకేసి చూశాడు.

"గడప పీకితే ఇల్లు ఇల్లేనా?" అంది మామ్మ. "శుక్రవారం శుక్రవారం పసుపు రాసేను దీనికి. ఏరు మాకిచ్చింది. ఎవరి గోడకీ కన్నమేసి తేలేదు."

అమ్మ ఎప్పుడూ మామ్మకి ఎదురు చెప్పేది కాదు. ఆ పూట చెప్పింది.

"అత్తయ్యా, ఈ గడప మీద బియ్యం కుంచం తోసి నేనీ ఇంట్లోకొచ్చేను. మీరూ అంతే. ఇద్దరం దీన్ని దాటి వంటింట్లోకే ఎళ్ళేం. ఈ పిల్ల దీన్నే దాటి బళ్ళోకి ఎల్తే తప్పేటండి?"

"బడికెళ్ళడం తప్పని ఎవరన్నారే. గడప తియ్యకూడదన్నాను."

"తియ్యకపోతే మెట్టకూరు పిల్లలు సదువుకుంటారు. మన పిల్ల పిడకలు సేసుకుంటాది."

మామ్మ కత్తిపీట ముందునుంచి లేచింది. కోస్తున్న ఆనపకాయ అలాగే వదిలేసి పెరట్లోకి వెళ్ళింది.

మర్నాడు శుక్రవారం కాదు. అయినా మేము లేచేసరికి గడపకి పసుపు రాసి, కుంకంబొట్లు పెట్టి, పక్కన కూర్చుని ఉంది. నాన్నని పిలిచి, "తియ్యండ్రా," అంది. "కానీ దొంగసొత్తులాగా బుజాన పడేసుకుని ఎల్తే ఊరుకోను. ఇన్నాళ్ళు నా ఇంట్లో ఉంది. ఆడపిల్లని అత్తారింటికి పంపినట్టే పంపుతాను, సారె పెట్టి. సన్నాయోళ్ళని పిలిపించు."

సారె అంటే మా వైపు ఊరికంతా కనబడేలా వీధిలో మోసుకెళ్ళేదే. చలిమిడి, సున్నుండలు, అరటిగెల కావిళ్ళలో పెట్టారు. గడపని కొత్త చాపలో పడుకోబెట్టి నలుగురు ఎత్తుకున్నారు. అది తీసిన చోట మట్టి నల్లగా, చల్లగా ఉంది. మామ్మ అటు చూడలేదు.

నూతి దగ్గరికి రాగానే గిలక ఆవిడ ఎదురొచ్చింది. "ఉండండి వదినా," అంది అమ్మతో. "ఆడపిల్లకి ఒట్టి గడపేనా? మా పుట్టింటోళ్ళు పెట్టిన కొక్కెం కూడా సారెలో ఏసుకోండి."

ఆ మాటతో వీధంతా నవ్వింది. నవ్వాక అందరికీ దారి దొరికింది. కోళ్ళగూటి ఆయన కిటికీ చెక్కలు కడిగి, పసుపుబొట్లు పెట్టి తెచ్చాడు. ఇల్లు పోయిన కోడిపెట్ట ఒకటి ఆయన వెనకే వచ్చింది. బీరపాదు పడిపోయినా ఇనప చట్రం వచ్చింది. చివర్లో పెద్దగారి తలుపు రెక్కలు మావిడాకులు కట్టుకుని బండి మీద వచ్చాయి. సారె తెచ్చినవాళ్ళని దొంగలని ఎవరంటారు?

వానలకి ముందే ఆఫీసరుగారు చూడ్డానికొచ్చారు. బూటుకాలు గడప మీద వెయ్యబోతుంటే మామ్మ పక్కనుంచి, "తొక్కకండి బాబూ, మా ఆడపిల్ల," అంది. ఆయన కాలెత్తి, దాటి లోపలికి వెళ్ళారు.

పంతులమ్మ వచ్చింది. నేనక్కడ మూడో తరగతి దాకా చదివాను, ఆ తరవాత పెళ్ళి చేసేశారు. ఈ నాలుగు ముక్కలూ మరిచిపోకుండా రాసిపెట్టుకున్నది ఆ చదువుతోనే.

మా ఇంటికి నాన్న తాటిపట్టె గడప పెట్టించాడు. శుక్రవారాలు మామ్మ ముందు బడికి వెళ్ళి అక్కడ పసుపు రాసి, తరవాతే ఇంటి గడపకి రాసేది. పంతులమ్మ పాఠం ఆపేది కాదు, మామ్మ లోపలికి తొంగి చూసేది కాదు. పనయ్యాక కాసేపు మెట్టు మీద కూర్చుని, మేము ఎక్కాలు అప్పజెబుతుంటే విని వెళ్ళేది.

ఇంతసేపూ కూర్చుని విన్నారు, మీ ఇళ్ళు చల్లగా ఉండాలి. మీ గడపల మీద పసుపు మాయకూడదు, వాటిని దాటి బడికి పరిగెత్తే పిల్లలు మీ ఇంట ఎప్పుడూ ఉండాలి.