అరుగు మీది అగ్గిపెట్టె

“పిన్నిగారూ, గ్యాసు వాసనొస్తోందండీ. పాప లోపలే ఉందండీ.”

దడి దగ్గరికి పరుగెత్తుకొచ్చి అరిచింది ప్రసన్న. చేతిలో గీయని అగ్గిపుల్ల. పాలు కాయడానికని వంటింట్లోకి వెళ్లిందో లేదో, కుళ్లిన ఉల్లిపాయ లాంటి ఘాటు గుప్పున కొట్టింది. గ్యాసుకు తనదంటూ వాసన ఉండదనీ, లీకైతే తెలియడానికే ఆ కంపు కలుపుతారనీ బీఎస్సీలో చదువుకుంది. ఒక్క నిప్పురవ్వ చాలనీ తెలుసు. అన్నీ తెలిసీ, ఉయ్యాలలో పాపను వదిలేసి కాళ్లు ఆమెను పెరట్లోకి లాక్కొచ్చాయి. భర్త మస్కట్‌లో ఉన్నాడు. పక్కింట్లో సూర్యావతి గారొక్కరే దిక్కు.

భర్త పోయాక సూర్యావతి గారు కొబ్బరితోట తానే చూసుకుంటున్నారు. ఆవిడ అగ్గిపెట్టె వంటింట్లో ఉంచరు. అరుగు మీద మేకుకి చిన్న సంచిలో వేలాడుతుంది. పొద్దున్నే పెరటి తలుపు తీసి, పొయ్యి దగ్గర నిలబడి వాసన చూసి, అప్పుడు అగ్గిపెట్టె కోసం బయటికొస్తారు. “పిన్నిగారు పొయ్యికి దణ్ణం పెడుతున్నారు” అని తోటలో చెట్లెక్కి కాయలు దింపు తీసేవాళ్లు నవ్వుకుంటారు.

కేక విని ఆవిడ చేతిలో పని వదిలేశారు. దడి సందులోంచి వచ్చి, ప్రసన్న చేతిలో పుల్ల లాగి నీళ్ల తొట్టిలో పడేశారు. “స్విచ్చి ముట్టుకోకు” అంటూ లోపలికెళ్లి పాపను ఎత్తుకొచ్చి తన అరుగు మీద పడుకోబెట్టారు. మళ్లీ వెళ్లి సిలిండరు కట్టేసి, తలుపులన్నీ బార్లా తీశారు.

సిలిండరు దగ్గర వాసన అంతగా లేదు. ఉయ్యాల దగ్గర మాత్రం కళ్లు మండుతున్నాయి. వెనకే వచ్చిన ప్రసన్న గుమ్మంలోనే ఆగిపోయింది. సూర్యావతి గారు వంగి ఉయ్యాల కిందకు చూశారు.

“ఇదిగోనమ్మా నీ సిలిండరు.”

ప్రసన్న పెంచుకుంటున్న తెల్ల పిల్లి మెడంతా తడిసి, కళ్ల వెంట నీరు కారుతూ ముడుచుకుని ఉంది.

“పునుగు పిల్లితో తగువు పెట్టుకున్నట్టుంది. తోక కింద నుంచి కంపు నీళ్లు చిమ్ముతుందది. మీ ఆయన పంపే సెంటు దీని ముందు ఎందుకూ పనికిరాదు.”

ప్రసన్నకు నవ్వు రాలేదు. పరుగున వెళ్లి పాప చేతులూ మూతీ వాసన చూసింది. పాల వాసనే. అయినా మళ్లీ చూసింది.

“డెట్టాలు పోసి కడిగేద్దామా?” అన్నారు సూర్యావతి గారు.

“వద్దండీ. ఒళ్లు నాక్కుంటుంది కదండీ, పిల్లికి అది విషం.”

“ఆయ్. అయితే నువ్వు చెప్పు, నేను పడతాను.”

ముందు మంచినీళ్లతో కళ్లు కడిగారు. తర్వాత గోరువెచ్చని నీళ్లు, పాప సబ్బు, చిటికెడు వంటసోడా. గోనెసంచిలో చుట్టినా పిల్లి ఆవిడ మోచెయ్యి గీరేసింది. ఎంత రుద్దినా మెడ దగ్గర కాస్త కంపు మిగిలింది. అది వదిలేదాకా దాని కాపురం కొబ్బరికాయల కొట్లోనే.

“మీకు భయం వెయ్యలేదాండీ?”

“ఎందుకెయ్యదూ? పొరుగూళ్లో గ్యాసు బావి అంటుకున్నప్పుడు మమ్మల్ని ఊరు ఖాళీ చెయ్యమన్నారు. మీ బాబాయిగారిని చెయ్యి పట్టుకుని లాక్కుపోయేను. రేవు దాటేక గుర్తొచ్చింది, పొయ్యి ఆర్పలేదని. ఇల్లు మిగిలింది గానీ, తిరిగొచ్చేదాకా నా ప్రాణం నాలో లేదు.”

ఆ పాప ఇప్పుడు బడికెళ్తోంది. ప్రసన్న అగ్గిపెట్టె కూడా అరుగు మీదే వేలాడుతుంది. పిల్లకు జ్వరంతో ఒళ్లు కాలినా, దెబ్బ తగిలినా, ఆ రోజు ఆవిడ మోచేతికి పసుపు రాసుకుంటూ అన్న మాటే ముందు గుర్తొస్తుంది:

“భయం వేస్తే వెయ్యనీ అమ్మాయ్. ముందు బిడ్డని బయట పెట్టు, పొయ్యి కట్టెయ్, తలుపులు తియ్. ఏడుపు ఎక్కడికీ పోదు, తర్వాత తీరిగ్గా ఏడుద్దువుగాని.”