మరిపెడ దాకా కమల వెనకే

పద్నాలుగేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. బరువు అనే మాట నేను ఊరికే వాడను. సైకిల్ తొక్కి బతికినదాన్ని. సీసాలో నాలుగు గుక్కల నీళ్లు ఎక్కువున్నా ఎత్తు ఎక్కేటప్పుడు తొడలకు తెలిసిపోతుంది. ఇదీ అలాగే తెలుస్తూ వచ్చింది. అయినా దించలేదు. ఎందుకు దించలేదు? దించితే నా జీవితంలో అన్నిటికంటే సంతోషంగా గడిచిన గంట కూడా దానితోపాటే పోతుందేమోనని భయం.

నా పేరు చెప్పను. మాది కొడకండ్ల దగ్గర. రోడ్డు మీదా, ట్రాక్ మీదా పదకొండేళ్లు పోటీల్లో తొక్కాను. ఉద్యోగం కూడా ఆ తొక్కుడు వల్లనే వచ్చింది. నాతో తొక్కినవాళ్లను అడగండి, నా గురించి ఒకటే చెబుతారు: ఆమె దేన్నీ మరిచిపోదు. నిజమే. హాస్టల్లో నేను "గిట్లనా?" అని అడిగితే కంచాల మీద పడి నవ్విన కోస్తా అమ్మాయిలు ఐదుగురు. ఎవరు ఏ మూల కూర్చున్నారో ఇప్పటికీ చెప్పగలను. ఎవరి కొలతకో కుట్టిన జెర్సీ నాకిచ్చి, భుజాలు కాస్త లోపలికి తీసుకొమ్మన్న మేనేజరునూ మరిచిపోలేదు. ట్రాక్ మలుపులో లేచిన సిమెంటు పెచ్చు గురించి తొమ్మిది దరఖాస్తులు పెట్టాను. తొమ్మిదో దానికి పూడ్చారు. ఆ రోజు ఆ మలుపులో పాటలు పాడుకుంటూ తొక్కాను. ఇన్ని గుర్తుపెట్టుకుని ఇందరి మీద చెప్పుకున్న నేను, నేను చేసినదాన్ని మాత్రం ఎవరికీ చెప్పలేదు.

కమలది మరిపెడ దగ్గర తండా. నాకంటే రెండేళ్లు చిన్న. జనగామలో సెలక్షన్లకు వెళ్లినప్పుడు మొదటిసారి కలిశాం. అప్పుడు నాకున్నది మా బాపు పాలు పోసి వచ్చే సైకిలే. క్యారియర్ విప్పేసినా, క్యాన్లు రాసుకుని పడ్డ గీతలు అలాగే ఉన్నాయి. కమల దాని చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, అందరూ వినేలా, "అక్కా, రేసుకొచ్చినవా, పాలు పోయనీకొచ్చినవా?" అంది. అందరూ నవ్వారు. తనే ముందు నవ్వింది. ఐదు నిమిషాల తర్వాత నా చెయిన్ జారితే తనే కింద కూర్చుని వేసింది. చేతికంటిన నల్లటి మడ్డి నా ముక్కుకు రాసి పారిపోయింది. చెయిన్ వేసిన సంగతి నేను పట్టించుకోలేదు. పాల మాట మాత్రం మూడేళ్లు దాచుకున్నాను.

మూడేళ్లకు జనగామ నుంచి మరిపెడ దాకా అమ్మాయిల రోడ్డు రేసు పెట్టారు. మొదట వచ్చిన ఒక్కరికే రాష్ట్ర జట్టు క్యాంపులో చోటు. రెండో చోటు లేదు. పాలకుర్తి దాకా అందరం గుంపుగానే ఉన్నాం. కొడకండ్ల దాటాక గుంపు చెదిరింది. తొర్రూరు దాటేసరికి అందరికంటే ముందు నేనూ కమలా, ఇద్దరమే మిగిలాం.

సైకిల్ రేసు చూడనివాళ్లకు ఒక పద్ధతి చెప్పాలి. ముందు తొక్కేవాళ్లు గాలిని మొత్తం తమ ఛాతీతో నెడతారు. వాళ్ల వెనక చక్రానికి జానెడు దూరంలో తొక్కేవాళ్లకు ఆ గాలి తగలదు. సగం కష్టం అక్కడే తగ్గిపోతుంది. అందుకే ఇద్దరు కలిసి పోతుంటే వంతులేసుకుంటారు. ఒకరికి కాళ్లు అయిపోతే రెండోవాళ్లు వదిలేసి పోరు, వెనక నీడలో ఉండనిస్తారు. అలా ఉండి వచ్చినవాళ్లు చివర గీత దగ్గర పోటీకి దిగరు. ఇది ఏ రూల్సు పుస్తకంలోనూ లేదు. తొక్కేవాళ్లందరికీ తెలుసు.

తొర్రూరు దాటిన కాసేపటికి కమల మోచేయి ఆడించింది. నీ వంతు, ముందుకు రమ్మని. నేను కదల్లేదు.

"అక్కా, రా ముందలికి."

"నాతోటి కాదు కమలా. కాళ్లు అయిపోయినయి."

"నిజంగనేనా? పొద్దుగాల గుర్రం లెక్క ఉరికితివి గదా!"

"నిజంగనే. నువ్వు పో. నన్ను ఇడిచిపెట్టు."

"ఒక్కదాన్ని ఏడికి పోవాలె? ఎనుక గుంపు వస్తాంది. నా చక్రం పట్టుకో, మా ఊరి దాక గుంజుకపోత నిన్ను. మా యాడి మజ్జిగ తెస్తనన్నది. తాగి ఆడనే పండుకుందువు గని."

"సరే."

"జర గట్టిగ పట్టుకోవాలె మల్ల. నువ్వు ఊడిపోతె నాకు ముచ్చట పెట్టనీకి ఎవ్వరుండరు."

నా కాళ్లు అయిపోలేదు. అది అబద్ధం. ఆ రోజు నా కాళ్లలో ఉన్నంత సత్తువ అంతకుముందు లేదు, ఆ తర్వాతా రాలేదు.

ఇక ఆ గంట. ఎలా చెప్పను? రోడ్డు పొడుగునా కల్లాల్లో మిర్చి ఆరబోశారు, చూసినంత దూరం ఎరుపు. ఘాటుకు కమల వరసగా తుమ్మేది. తుమ్ము తుమ్ముకీ సైకిల్ కొంచెం పక్కకు పోతే, "మిర్చి సేట్లకు మనం గెలుసుడు ఇష్టం లేనట్టున్నది!" అని అరిచేది. వాళ్ల తండా భాషలో ఏదో పాట ఎత్తుకుని, ఊపిరి చాలక మధ్యలో ఆపేసి నవ్వేది. గుంత వస్తే చెయ్యి వెనక్కి చాపి చూపించేది. చిన్న గులకరాయి ఉన్నా చూపించేది. తన పల్లీపట్టి సగం విరిచి వెనక్కి అందించింది. తిన్నాను. నాకు గాలి లేదు, అలసట లేదు, దారి దానంతట అదే వెనక్కి జారిపోతోంది. నాకోసం ఒక మనిషి అంత ప్రేమగా అంత దూరం కష్టపడటం అంతకుముందు ఎప్పుడూ ఎరగను. సిగ్గు వేయలేదా? వేయలేదు. అదే చెప్పుకోవాల్సిన సంగతి. సంతోషంగా ఉన్నాను.

మరిపెడలో గీత దగ్గర తండావాళ్లు ట్రాక్టర్ ట్రాలీ నిండా వచ్చి నిలబడ్డారు. అందరూ కమల పేరే అరుస్తున్నారు. ఇంకో రెండు వందల మీటర్లుందనగా కమల ఎడమ భుజం మీదుగా వెనక్కి చూసింది. నేను ఊడిపోయానేమోనని. తను ఎడమవైపు వెతుకుతుంటే నేను కుడివైపు నుంచి వెళ్లిపోయాను.

గీత దాటాక కమల రోడ్డు పక్కన ఒరిగిపోయింది. నా వైపు చూసింది. తను నోరు తెరవకముందే నేనే తొందరపడి రెండో అబద్ధం ఆడాను: "ఏమో కమలా, గీత కనవడంగనే కాళ్లు మల్ల వచ్చినయి."

పకపకా నవ్వింది. "మా ఊరి గాలి గంత మంచిగుంటదా అక్కా!"

నమ్మింది. వాళ్ల యాడి, అంటే అమ్మ, మజ్జిగ చెంబు ముందు నాకే ఇచ్చింది. దాచడమెందుకు, ఆ మజ్జిగ కూడా చాలా బాగుంది.

పాల మాటకు బదులు తీర్చుకున్నానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. ఆ మాట అని ఉండకపోతే చేసేదాన్ని కాదా? చేసేదాన్నే. క్యాంపులో చోటు కావాలి, అంతే. పాల మాట మంచి ముసుగులా పనికొచ్చింది. నాకు జరిగినవన్నీ అంత భద్రంగా దాచుకున్నది, నేను చేసినవి వాటి వెనక పెట్టుకోవడానికేనా?

కమల మరుసటి ఏడు సైకిల్ మానేసింది. చదువుకుని, ఇప్పుడు భూపాలపల్లి జిల్లా రేగొండ దగ్గర ఒక బడిలో ఆటల టీచరు. పోయిన నెల నన్ను పిలిచింది. పది మంది ఆడపిల్లలు సైకిళ్లతో వరసగా నిలబడ్డారు. ఆ పిల్లల కేకలు, బెల్లులు, కమల ఈలలు, ఒక పండగలా ఉంది. అప్పుడు కమల నా చెయ్యి పట్టుకుని ఆ రేసు కథ చెప్పింది. ఏటా చెబుతుందట. కాళ్లు అయిపోయిన మనిషి గీత చూసి ఎలా లేచిందో, తనను ఎలా దాటిపోయిందో, కళ్లు పెద్దవి చేసి, సొంత ఓటమిని అంత సంబరంగా.

ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి చెయ్యెత్తింది. "మేడం, నిన్న నాకూ కాళ్లు అయిపోయినయి. ఆపకుంట తొక్కిన. గీత దిక్కే చూసిన. మల్ల రాలే. నేనేం తప్పు చేస్తున్న మేడం?"

"వస్తయి బిడ్డా," అన్నాను. మూడోసారి.

లేదు బిడ్డా. నువ్వేం తప్పు చేయలేదు. అయిపోయిన కాళ్లు గీత చూడగానే రావు. నావి అయిపోలేదు. మీ మేడం నన్ను నమ్మి గాలి మొత్తం తనే మోసింది. నేను ఆమెను మోసం చేసి గెలిచాను.

వంతులేసుకున్నా గెలిచేదాన్నేమో. అది నాకిక ఎప్పటికీ తెలియదు. కమలను క్షమించమని అడగను. అడిగితే పకపకా నవ్వి వదిలేస్తుంది. అంత తేలిగ్గా వదిలించుకునే హక్కు నాకు లేదు. పేర్లు మార్చి రాశాను గానీ, చదివితే తనకు తెలుస్తుంది. ఆ పిల్లకు తనే చదివి వినిపించాలని నా కోరిక. తర్వాత నాతో మాట్లాడుతుందో లేదో.

కానీ ఒకటి ఇవాళ మొదటిసారి పైకి చెప్పగలుగుతున్నాను. ఇన్నేళ్లూ అబద్ధం బయటపడుతుందని దీన్ని కూడా నోరు విప్పి చెప్పలేదు. తొర్రూరు నుంచి మరిపెడ దాకా ఎదురుగాలిలో, ఆ తుమ్ములప్పుడు తప్ప, కమల వీపు ఒక్కసారి కూడా ఊగలేదు. నడుము కింద కాళ్లు మాత్రమే, నీళ్లు పారినట్టు, ఆగకుండా. తర్వాత ఎన్నో ట్రాకులు చూశాను, ఎందరో పెద్ద పెద్దవాళ్ల వెనక తొక్కాను. అంత అందంగా సైకిల్ తొక్కిన మనిషిని మళ్లీ చూడలేదు. ఆ రోజు అది చూసింది నేనొక్కదాన్నే.