వేలిముద్రల గోడ

డెబ్బైల చివర్లో కొత్తపేట దగ్గరి ఒక హైస్కూల్లో సోషల్ చెప్పేవాణ్ణి. డ్రాయింగు మాస్టారి పోస్టు ఖాళీగా ఉండటంతో ఆ పీరియడ్లు కూడా నా నెత్తిన పడ్డాయి. నాకు తిన్నగా గీత గియ్యడం రాదు గాని వాదించడం వచ్చు. అందుకని వార్షికోత్సవం కోసం తొమ్మిదో తరగతి పిల్లలకు ఒక పని పెట్టాను: నువ్వెవరో చెప్పే బొమ్మ వేసి తీసుకురా.

వారం తర్వాత వచ్చిన బొమ్మలు చూస్తే ఒళ్లు మండింది. ఒకడు పెంకుటిల్లు వేశాడు, ఇంకొకడు వాళ్ల నాన్న పడవ. ఇద్దరు గుడి, ముగ్గురు చర్చి. ఒకడివైతే కొబ్బరిచెట్లు కాగితం అంచు దాటిపోయాయి.

"ఇవన్నీ మీ పెద్దవాళ్లవి. మీరెక్కడున్నారు?" అన్నాను.

"చెట్టెనకాల ఉన్నానండి," అన్నాడు కొబ్బరితోట వాడు.

కులం పుట్టుకతో వస్తుందంటారు. బొటనవేలి గీతలూ పుట్టుకతోనే వస్తాయి. వాటిని చూసి మాత్రం ఎవరూ పక్కకి తప్పుకోరు. ఈ ఆలోచన రాగానే హెడ్మాస్టారి స్టాంపు ప్యాడ్ తెచ్చి అందరి చేతా వేలిముద్రలు వేయించాను. సైన్సు గదిలోని భూతద్దంతో చూస్తూ ఎవరి ముద్రను వాళ్లు పెద్ద షీటు నిండా గీయాలి. ఏ రెండూ ఒకటి కావని పిల్లలే కనిపెట్టారు. మధ్యమధ్యలో భూతద్దం కొబ్బరి పీచు కాల్చడానికీ పనికొచ్చింది. నేనైతే వర్ణవ్యవస్థను బొటనవేలితో పడగొట్టేసినంత సంబరపడ్డాను.

వార్షికోత్సవం రోజు మధ్యాహ్నం, గోడకు తగిలించిన ఆ బొమ్మల దగ్గరికి ఒక తండ్రి కూతురిని వెంటబెట్టుకుని వచ్చారు. రావులపాలెం మార్కెట్లో లారీలకు అరటి గెలలు ఎత్తే మనిషి. చొక్కా నిండా అరటి మరకలు.

"మాస్టారండి, మా అమ్మాయిది తీసెయ్యండి."

"ఎందుకండీ?"

"మా ఇంట్లో సంతకం నేర్చింది ఇదొక్కత్తేనండి. టీకొట్టు కాడ ఊరందరికీ చెప్పుకున్నాను. సాయంత్రం ఆళ్లంతా వచ్చి చూత్తే ఏముంటదండి, కింద దాని పేరు, పైన వేలిముద్ర. నన్ను బతకనిత్తారా?"

నేను ఊరుకోలేదు. మనుషుల్లో ఎక్కువ తక్కువలు లేవనడానికి ప్రకృతే ఇచ్చిన రుజువు ఇదని పది నిమిషాలు ఉపన్యసించాను. ఆయన "ఆయ్, ఆయ్" అంటూ ఓపిగ్గా విన్నారు.

"మీకు సంతకం వచ్చు గనక వేలిముద్ర మీకు బొమ్మండి," అన్నారు చివరికి. "నాకది బొమ్మ కాదండి."

సభల్లో పండితుల్ని నిలదీసినవాణ్ణి. ఈయన మాటకు మాత్రం తలొగ్గి బొమ్మ తీయడానికి చెయ్యెత్తాను.

"ఉండండి మాస్టారు, వారం రోజులు గీసేనండి," అంది ఆ పిల్ల. "నాన్నా, సాయంత్రం దాకా ఆగు."

షీటు తనే తీసుకుని వరండాలో బోర్లా పడుకుని, గీతకూ గీతకూ మధ్య ఖాళీల్లో తన పేరు రాయడం మొదలుపెట్టింది. చీమల బారుల్లా సన్నటి అక్షరాలు. రాసిందే రాసింది. పొద్దు వాలేసరికి దూరం నుంచి అదే వేలిముద్ర, దగ్గరికెళితే అంతా అక్షరాలే. అది నేను నేర్పిన పాఠం కాదు.

తండ్రి వంగి చూశారు. "ఇదంతా ఏటే?"

"నా పేరే నాన్నా."

"అన్నిసార్లా?"

"ఖాళీ ఉన్నన్నిసార్లు."

జనం వచ్చాక ఆయన ఆ బొమ్మ పక్క నుంచి కదల్లేదు. వచ్చినవాళ్లనల్లా ఆపి చదివించారు. చివర్లో వచ్చిన పంచాయతీ ప్రెసిడెంటుగారు కళ్లజోడు తెచ్చుకోలేదు. నాలుగడుగుల దూరంలోనే ఆగి, "ఏంటయ్యా, ఇన్నేళ్లు చదివించి మళ్లీ వేలిముద్రేనా?" అని నవ్వారు.

"దగ్గరికి రండి," అన్నారాయన. "ఇంకాస్త దగ్గరికండి. అక్షరాలండి అవి. కనపడకపోతే చెప్పండి, మా అమ్మాయి చదివి పెడద్ది."