మా మేనత్త చేతి మీది పేరు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఒక మహాయుద్ధం జరిగింది. అందులో పరువు, పగ, నెత్తురు, వంశగౌరవం అన్నీ ఉన్నాయి. చెప్పడం మొదలుపెడితే తెల్లారిపోతుంది. నిజం చెప్పాలంటే, అంత లేదు. చందానగర్‌లో ఆటో ఎక్కి మాదాపూర్ వెళ్లాం, మా మేనత్త టాటూ వేయించుకుంది, ఇంటికొచ్చాం. నెత్తురు మాత్రం అబద్ధం కాదు, దూదితో తుడిస్తే పోయేంత వచ్చింది.

ఇప్పుడు మా ఆఫీసులో వయసుకు చిన్నదాన్నే కానీ, టాటూల సంగతిలో నాకు పెద్దమనిషి హోదా ఉంది. ఎవరు వేయించుకోవాలన్నా తోడు రమ్మని నన్నే పిలుస్తారు. వెళ్లిన ప్రతిసారీ ఆ ఆదివారం గుర్తొస్తుంది, గుర్తొచ్చిన ప్రతిసారీ ఒళ్లు మండుతుంది.

మా మేనత్త అంటే మా నాన్న చెల్లెలు. పెళ్లైన కొత్తలో మామయ్య ఆమెను ఒక జాతరకు తీసుకెళ్లి, కుడి ముంజేతి మీద తన పేరు పచ్చబొట్టు పొడిపించాడు. తన చేతి మీద ఆమె పేరు మాత్రం పొడిపించుకోలేదు. ఆయనకు సూదంటే భయమట. కొన్నేళ్లకు ఆయన ఇంకొకావిడతో మియాపూర్‌లో కాపురం పెట్టాడు. మనిషి వెళ్లిపోయాడు, పేరు ఉండిపోయింది. అప్పటి నుంచి మేనత్త మా ఇంట్లోనే ఉంటూ రాయదుర్గంలో ఒక ఆఫీసు క్యాంటీన్ వంటగదిలో పనిచేసేది. మే నెల ఎండలో, పొయ్యి ముందు కూడా, మణికట్టు దాకా చేతులున్న జాకెట్టే వేసుకునేది.

అలాంటి మనిషికి ప్రమోషన్ వచ్చింది. వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి వడ్డించే కౌంటర్‌కు ఆమే ఇన్‌చార్జి. జీతం పెరిగింది, పేరు పెరిగింది, చొక్కా చేతులు తగ్గాయి. యూనిఫాం పొట్టి చేతులది. వరసలో పళ్లెం పట్టుకుని నిలబడ్డ ప్రతివాడూ ఆ పేరు చదువుతాడు, చదివినవాడు ఊరుకోడు, ఎవరమ్మా ఈయన అంటాడు. రోజుకు ఎంతమందికి జవాబు చెప్పాలి? అందుకే ఆ పేరు మీద ఏదైనా బొమ్మ వేయించి మూసేయాలని ఆమె తనంతట తనే టాటూ షాపుకు వెళ్లి మాట్లాడి వచ్చింది. సూది గాయం మానేదాకా ఆవిరికీ వేడికీ దూరంగా ఉండాలి కాబట్టి ఆ ఆదివారం దాటితే ఒకటో తారీఖులోగా మానదు.

ఇక్కడి దాకా అంతా ఒక మనిషి తెలివిగా చేసుకున్న పని. ఆ తర్వాత మేం దిగాం.

మా నానమ్మ ముందు ఏడ్చింది, తర్వాత అలిగింది, చివరికి షరతులతో ఒప్పుకుంది. మంచి పని గనుక ఒక్కపొద్దు ఉండాలి, తలంటుకోవాలి. పచ్చబొట్టు పొడిచాక పసుపు రాయడం పాతకాలం పద్ధతి కదా, ముందే రాస్తే ఇంకా మంచిదని చెయ్యంతా పసుపు మెత్తి, దాని మీద కొబ్బరినూనె పట్టించింది. తల్లి నోరు మూతపడుతుందంటే ఒక పూట తిండి మానేయడం చవకే అనుకుంది మేనత్త. షాపు వాళ్లు తిని రమ్మన్నారని చెప్పినా, వాళ్లకేం తెలుసంది నానమ్మ. తోడు కోసం నానమ్మ, నాన్న, నేను, మాతోపాటు చూడటానికి పక్కింటి అక్క. ఐదుగురం ఒకే ఆటోలో పెళ్లిచూపులకు వెళ్లినట్టు వెళ్లాం.

టాటూ వేసే అమ్మాయిది గోదావరి వైపు. గ్లౌజులు తొడుక్కుని, మేనత్త చెయ్యి పట్టుకుని చూసింది.

“ఇదేంటండీ, చేతికి తాలింపు పెట్టారా?”

తర్వాత ఏం తిన్నారని అడిగింది. ఏం తినలేదనగానే గ్లౌజులు తీసేసింది. ఖాళీ కడుపుతో సూది కింద కూర్చుంటే కళ్లు తిరిగి పడతారని, నూనె చర్మం మీద గీత నిలవదని, సబ్బుతో శుభ్రంగా కడుక్కుని, కడుపునిండా తిని, నీళ్లు తాగితేనే ముట్టుకుంటానని మర్యాదగా చెప్పింది. మధ్యాహ్నం ఇంకొకరు ఉన్నారు, ఆలస్యమైతే తన చేతిలో లేదని కూడా చెప్పింది.

మేనత్త చెయ్యి కడుక్కోవడానికి లోపలికి వెళ్లింది. మావాళ్లకు ఖాళీ దొరికింది. ఆ చేతి మీద ఏం వేయాలన్నది చర్చ. పక్కింటి అక్క సీతాకోకచిలుక అంది. నానమ్మ అమ్మవారి త్రిశూలం అంది. నాన్న తామరపువ్వైతే డీసెంటుగా ఉంటుందన్నాడు. పాత అక్షరాలు మూయాలంటే బొమ్మ వాటికంటే పెద్దగా, ముదురు రంగులో ఉండాలని, సీతాకోకచిలుక రెక్కల్లోంచి పేరు కనిపిస్తుందని ఆ అమ్మాయి చెబుతున్నా వినేవాడు లేడు. నేను మాట్లాడలేదు. నాకు బుద్ధి ఎక్కువై కాదు, నోట్లో ఎగ్‌పఫ్ ఉంది.

అప్పుడు మా నాన్న చేసిన పని ఇప్పటికీ నాకు మింగుడుపడదు.

“ఎంతైనా బావ పేరు గదా. ఒక్కమాట ఆయన చెవిన ఏస్తే మంచిగుంటది” అని ఫోన్ తీసి మామయ్యకు కలిపాడు. అదీ స్పీకర్ పెట్టి.

ఇంకొకావిడతో కాపురం పెట్టినప్పుడు మా చెవిన ఒక్కమాట వేయని మనిషికి, ఇక్కడ గొంతు లేచింది.

“ఎవర్నడిగి తీపిస్తున్రు నా పేరు? నలుగుర్ల నా ఇజ్జత్ ఏం గావాలె?”

మేనత్త తడి చేత్తో గుమ్మంలో నిలబడి ఉంది. పసుపు పోయింది, పేరు ముందుకంటే స్పష్టంగా కనిపిస్తోంది. వచ్చి నాన్న చేతిలోంచి ఫోన్ తీసుకుంది. అరుస్తుందని అందరం చూశాం.

“నీకు వంకాయ పడది గదా?” అంది.

“పడది. తింటే ఒళ్లంత దద్దుర్లొస్తయ్. ఎందుకు?”

“ఏం లే” అని పెట్టేసింది. టాటూ అమ్మాయి వైపు తిరిగి, “వంకాయ ఎయ్యమ్మ. లావుది, నల్లగున్నది” అంది.

తర్వాత మా వైపు తిరిగింది. అప్పుడు అరిచింది.

“పేరు పొడిపిచ్చిననాడు నన్ను ఎవ్వరన్న అడిగిన్రా? ఇయ్యాల తీసెయ్యాలంటె మాత్రం ఊరందర్ని అడగాల్నా? అన్నా, నీకు అంత బావ కావాలంటె నీ చెయ్యి మీద పొడిపిచ్చుకో. నడువుర్రి ఇగ, అందరు కిందికి నడువుర్రి.”

మెట్లు దిగుతూ కూడా నానమ్మ, కనీసం వంకాయ పువ్వన్నా వేయించుకోమంది.

నన్ను మాత్రం ఉంచింది. సలహా ఇవ్వనిదాన్ని నేనొక్కదాన్నే. పక్క హోటల్ నుంచి ఇడ్లీ తెప్పించుకుని, తొందరపడకుండా, చట్నీ గిన్నె ఖాళీ అయ్యేదాకా తింది. తర్వాత కుర్చీలో చెయ్యి చాపింది. టాటూ అమ్మాయి నాతో, చెయ్యి ముట్టుకోకూడదు, కుర్చీ కదపకూడదు, ఎంత అయిందని మాటిమాటికీ అడగకూడదు అంది. నేను ఒకే ఒక్కసారి, నొప్పిగా ఉందా అత్తమ్మా అన్నాను.

“పొయ్యికాడ ఇంతకన్న ఎక్కువనే కాలింది. కూసో.”

అక్షరాలు ఒక్కొక్కటే నలుపు కింద మునిగిపోతుంటే కళ్లార్పకుండా చూసింది. చివరి అక్షరం పోయాక ఆమె మనసు తేలికైందని, అందరినీ క్షమించిందని రాస్తే చదవడానికి బాగుంటుంది. అలాంటిదేమీ జరగలేదు. కింద నిలబడ్డ నాన్నతో ఆ వారమంతా మాట్లాడలేదు. ఒకటో తారీఖున పొట్టి చేతుల చొక్కా వేసుకుని కౌంటర్ వెనక నిలబడింది. వరసలో ఎవరో, వంకాయ ఎందుకు ఆంటీ అని అడిగితే, ఇవాళ కూర అదే అందట.

ఆ రోజు నుంచి నాకు ఒక అలవాటు మిగిలింది. తోడు వెళ్లినప్పుడు, తిన్నారా అని అడుగుతాను, ఆ తర్వాత నోరు మూసుకుంటాను. ఏ బొమ్మ వేస్తే బాగుంటుందని అడిగినా చెప్పను. మొన్న ఒకమ్మాయికి కుర్చీలో ఉండగా కాబోయే మొగుడు ఫోన్ చేశాడు, నన్నొకసారి అడగాలి కదా అని మొదలుపెట్టాడు. నేను తీసుకుని, ఆమె చెయ్యి ఖాళీ లేదని చెప్పి పెట్టేశాను. ఆ క్షణంలో నా గొంతు అచ్చం మా మేనత్త గొంతులా పలికింది. కోపం కూడా వంశపారంపర్యంగా వస్తుందేమో, మా వాటాకు పొలాలైతే రాలేదు.

అడగకపోయినా చెప్పే సలహా ఒక్కటే, టాటూలో వంకాయరంగు నలుపు కంటే తొందరగా వెలుస్తుంది. బండి నడిపేవాళ్లు ఎండలో చేతికి తొడుగు వేసుకోవడం మంచిది.