చప్పుడు చేయని డబ్బా

నిన్న పొద్దున బాపట్లలో కాలేజీకి బయలుదేరుతుంటే ఫోన్ మోగింది. దేవరత్నం బావ నంబర్.

"ఏంటి బావా, డబ్బా మొండికేసిందా?" అన్నాను నవ్వుతూ.

అవతల కరుణక్క. మా అక్క. ఊపిరితిత్తుల జబ్బు, నాలుగు మాటలు వరసగా రావు.

"బావ..." అంది.

ఊపిరి తీసుకుంది.

"పోయాడురా."

రేపల్లెలో వాళ్ళింటికి ఎలా చేరానో ఇప్పటికీ సరిగ్గా గుర్తు లేదు. పాలు తెచ్చి, గిన్నెలో పోసి, కుర్చీలో కూర్చున్నాడట. అంతే. గుండె. జబ్బు మనిషి ఆవిడైతే వెళ్ళిపోయింది ఈయన. దేవుడి లెక్క నాకు అర్థం కాలేదు. అర్థమైనట్టు నటించను కూడా.

ఇది చదివే మీలో చాలామందికి బావ పోస్టాఫీసులో చేసి రిటైరైన నెమ్మదస్తుడిగా తెలుసు. చర్చికి వచ్చేవాళ్ళకి వెనక బల్ల దగ్గర కెమెరా పట్టుకుని నిలబడే మనిషిగా తెలుసు. అక్క పాడిన ప్రతి పాటా రికార్డు చేశాడు. చర్చిలో, స్కూల్లో, పెళ్ళిళ్ళలో. ముప్పై ఏళ్ళ పాటలు. అక్క ఇక పాడలేని రోజులొచ్చాక ఆ క్యాసెట్లన్నీ కూర్చుని కంప్యూటర్లోకి ఎక్కించాడు.

పోయిన మే నెలలో నన్ను పిలిచాడు.

"ఇవన్నీ ఒక చిన్న డబ్బాలో పెట్టాలిరా. అక్క మంచం మీంచే రిమోట్ నొక్కితే టీవీలో రావాలి. నెట్ ఉన్నా లేకపోయినా రావాలి. ఏం పార్ట్స్ కావాలో చూడు."

నేను కంప్యూటర్ ల్యాబ్‌లో పనిచేసేవాణ్ణి కదా, రెచ్చిపోయాను. పెద్ద క్యాబినెట్, గ్రాఫిక్స్ కార్డు, రెండు హార్డ్ డిస్కులు. లిస్టు చూసి బావ కళ్ళజోడు తీశాడు.

"నేనడిగింది గొడుగురా. నువ్వు పెళ్ళి పందిరి వేస్తున్నావ్. వీడియో ఆడించేది టీవీ. ఇది ఫైలు అందిస్తే చాలు. వడ్డించేవాడికి కండలెందుకు?"

నిజమే. అందుకే ఇంకా ఉడుక్కున్నాను.

సరే, ఇద్దరం తెనాలి వెళ్ళాం. కంప్యూటర్ షాపు, మిట్టమధ్యాహ్నం, మాడిపోయే ఎండ.

కౌంటర్లో అమ్మాయి ఒక చిన్న పీసీ ఆన్ చేసి చూపించింది. బావ పైకి చూశాడు.

"అమ్మా, ఆ సీలింగ్ ఫ్యాను ఒక్క నిమిషం ఆపుతావా తల్లీ?"

ఆపింది పాపం. బావ పీసీకి చెవి ఆనించి కళ్ళు మూసుకున్నాడు. షాపులో అందరికీ చెమటలు కారుతున్నాయి.

"గుయ్యిమంటోందమ్మా. ఇంకోటి చూపించు."

మళ్ళీ ఫ్యాన్ ఆపడం. మళ్ళీ చెవి. మూడోసారికి వెనకాల ఒకాయన ఉండబట్టలేక అన్నాడు.

"పెద్దాయనా, కొనేది కంప్యూటరా, పుచ్చకాయా అండి?"

అందరూ ఒకటే నవ్వు. బావ కూడా నవ్వాడు.

"పుచ్చకాయైతే చప్పుడు రావాలండి. దీనికి రాకూడదు."

నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. దానికి తోడు సంచిలోంచి ప్లగ్గుకి పెట్టి ఎంత కరెంటు తింటుందో చూసే వాట్ మీటర్ కూడా తీశాడు. ఇంక ఆగలేకపోయాను. "చివరికి వాట్లు కూడా లెక్కపెడతావా బావా? ఇంత పిసినారితనం ఎక్కడా చూళ్ళేదు" అనేశాను. అందరి ముందూ.

ఆయన మీటరే చూస్తున్నాడు.

చివరికి ఫ్యాన్ అనేదే లేని బుల్లి డబ్బా ఒకటి తీసుకున్నాం. టిఫిన్ బాక్సంత ఉంటుంది. తక్కువ కరెంటు తినే ప్రాసెసర్. లోపల తిరిగే హార్డ్ డిస్కు వద్దని, తిరిగేదేమీ లేని ఎస్ఎస్‌డీ వేయించాడు. మీటర్ మీద ఏడు వాట్లు.

రేపల్లె ప్యాసింజర్లో దాన్ని ఒళ్ళో పెట్టుకుని అప్పుడు చెప్పాడు.

"కరెంటు పోతే అక్క ఆక్సిజన్ మిషన్ ఇన్వర్టర్ మీదే కదరా నడిచేది. ఈ డబ్బా ఎంత తింటే దానికి అంత తక్కువ. అదొకటి. ఇంకోటేంటంటే, నేను ఆ గదిలోనే పడుకుంటాను. మిషన్ చప్పుడు ఏమాత్రం మారినా నాకు మెలకువ వచ్చేస్తది. రెండుసార్లు అలా లేచే గొట్టం సరిచేశా. గదిలో ఇంకో చప్పుడుంటే తేడా నాకెలా తెలుస్తది?"

భట్టిప్రోలు దాటేదాకా నేను కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను. కానీ సారీ చెప్పలేదు. ఆ తర్వాత ఎన్నిసార్లు కలిసినా చెప్పలేదు.

ఇప్పుడు చెబుతున్నాను. ఇక్కడ, అందరి ముందూ.

నువ్వు పిసినారివి కాదు బావా. నేనే తొందరపాటు వెధవని.

నిన్న సాయంత్రం జనం కాస్త పల్చబడ్డాక డబ్బా ఆఫ్ చేద్దామని వెళ్ళాను. అక్క చెయ్యెత్తి వద్దంది. రిమోట్ తీసుకుని టీవీ పెట్టింది.

"చావింట్లో టీవీ ఏంటే కరుణా?" అని కసిరింది మా మేనత్త.

అక్క వినిపించుకోలేదు.

కెమెరా ఎప్పుడూ ఆయన చేతిలోనే కాబట్టి ఒక్క వీడియోలోనూ బావ కనిపించడు. కానీ ప్రతి పాటకీ ముందు ఆయన గొంతు ఉంది.

"ఊఁ, కానియ్ కరుణా."

వీడియోలో పాట మొదలయ్యే లోపే అక్క ఆపేసింది. ఇంకో వీడియో పెట్టింది.

"ఊఁ, కానియ్ కరుణా."

ఆపేసింది. ఇంకోటి.

తన పాట ఒక్కటీ విననివ్వలేదు. అలా ఎన్ని పెట్టిందో నేను లెక్కపెట్టలేదు. కసిరిన మేనత్తే పక్కన కూర్చుని అక్క వీపు నిమురుతోంది.

ఈ రోజు పొద్దున బావని సమాధి చేసి వచ్చాం. అక్క ఇప్పుడే నిద్రపోయింది. ఆయన నవారు మంచం మీద కూర్చుని ఇది రాస్తున్నాను. కాలేజీకి సెలవు పెట్టాను. తర్వాత అక్కని బాపట్ల తీసుకెళ్తాను. డబ్బా కూడా వస్తుంది.

గదిలో ఒక్కటే చప్పుడు. మిషన్‌ది. ఒకేలా ఉంది.

నేను వింటున్నాను బావా. మారితే లేస్తాను. ఇన్నేళ్ళ నిద్ర బాకీ ఉంది నీకు, ప్రశాంతంగా పడుకో.